వీసా వచ్చేదాకా

మే నెల నడిమధ్యలో, కూలర్‌లో పోసిన నీళ్ళు పోసినంతసేపు కూడా నిలవని ఎండల్లో, గున్నమ్మ కాళ్ళకు ఉన్ని మేజోళ్ళు తొడిగి, వాటిమీద తెల్ల కాన్వాసు బూట్లు బిగించి, ముందు గదిలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి పెరట్లోకి నడవడం మొదలుపెట్టింది. అరవైకి దగ్గరపడిన మనిషి. రబ్బరు చెప్పులు తప్ప ఇంకోటి ఎరగని కాళ్ళు. గుమ్మం దాటినప్పుడల్లా బూటు ముందుభాగం గడపకి తన్నుకుని ముందుకు తూలుతోంది.

"బూట్లతో వంటింట్లోకి రావద్దని ఎన్నిసార్లు చెప్పాలి అత్తా?" అంది కోడలు వనజాక్షి, పెనం మీద రొట్టె తిప్పుతూ.

"అలవాటు పడాల గదే. ఆ రష్యాలో మంచులో నడవాల. సెప్పులేసుకుని ఎల్తే కాలేళ్ళు ఊడి సేతికొస్తాయట. అయినా నీ వంటింటిని నానేటి సేత్తాను? నడిసెల్లిపోతన్నాను, అంతే."

'నీ వంటింటిని' అన్న మాట దగ్గరే వనజాక్షికి ఒళ్ళు మండింది. హోలీ ముందు పాస్‌పోర్టు, కాగితాలు ఢిల్లీకి పంపించిన రోజున గున్నమ్మ కోడల్ని పిలిచి, "ఇంక నాను మూడు నెలలు ఉండను. వంటిల్లు నీది. ఏటొండుకుంటావో, ఏటి తింటారో మీ ఇష్టం" అని పెత్తనం అప్పగించేసింది. తొమ్మిదేళ్ళ కాపురంలో ఆ మాట కోసం ఎదురుచూసిన వనజాక్షి, పైకి "ఎందుకత్తా ఆ మాటలు" అన్నా, లోపల పండగ చేసుకుంది. ఆ పండగ రెండు రోజులు కూడా నిలవలేదు. వీసా రాలేదు. గున్నమ్మ ఎక్కడికీ వెళ్ళలేదు. అప్పగించిన వంటింటి గుమ్మంలోనే పీట వేసుకుని కూర్చుని, "పోపు మాడతాంది", "పప్పు ఇంకో ఉడుకు రావాల", "నాకేటి, నీ వంటిల్లు, నీ ఇష్టం" అంటూ కాపలా కాస్తోంది. ఇదివరకు పనైనా పంచుకునేది. ఇప్పుడు పని లేదు, పర్యవేక్షణ మాత్రమే మిగిలింది.

గున్నమ్మకి రష్యా ఏమిటని భిలాయి రుఆబాంధా క్వార్టర్లలో కొత్తగా వచ్చినవాళ్ళు అడిగేవారు. పాతవాళ్ళకి తెలుసు. ఉక్కు ప్లాంటు కడుతున్న రోజుల్లో చీపురుపల్లి దగ్గర పల్లె నుంచి మొగుడితో వచ్చింది గున్నమ్మ. మొగుడు ఖలాసీగా ఇనుము మోస్తే, ఆమె ఒక రష్యా ఇంజనీరు ఇంట్లో పిల్లని ఎత్తుకునే పనికి కుదిరింది. ఇంజనీరు భార్య పేరు నీనా. కూతురు లీనా. గున్నమ్మకి మొదటి కాన్పు కష్టమై ప్రాణం మీదికి వచ్చినప్పుడు, ఆస్పత్రి వరండాలో రాత్రంతా నిలబడి డాక్టర్లతో పోట్లాడిన మనిషి నీనా. ఆ కాన్పులో పుట్టినవాడే త్రినాథరావు, వనజాక్షి మొగుడు. వాడూ లీనా ఒకే తొట్టెలో పెరిగారు. లీనాకి ఆరేళ్ళు వచ్చాక ఆ కుటుంబం వాళ్ళ దేశం వెళ్ళిపోయింది. ఆ తర్వాత మూడు దశాబ్దాల దాకా కబురు లేదు.

కిందటేడు చలికాలంలో ప్లాంటులో ఫర్నేసు మరమ్మతుకి రష్యా నుంచి కొందరు వచ్చారు. అందులో ఒకతను జేబులో పాత ఫొటో పట్టుకుని, కనిపించిన తెలుగువాడినల్లా "గున్నా, గున్నా" అని అడుగుతూ తిరిగి, చివరికి రుఆబాంధా క్వార్టరు వెతుక్కుంటూ వచ్చాడు. అతను లీనా మొగుడు. నీనాకి ఒంట్లో బాగాలేదని, మంచంలోనే ఉంటోందని, గున్నమ్మని ఒక్కసారి చూడాలని కలవరిస్తోందని అతని వెంట వచ్చిన దుబాసీ చెప్పాడు. టిక్కెట్టు సంగతి వాళ్ళే చూసుకుంటామన్నారు. అతను వెళ్ళిన రెండు నెలలకి ఆహ్వానం కాగితం వచ్చింది. గున్నమ్మ ఆ కాగితాన్ని దేవుడి పటం ముందు పెట్టి దణ్ణం పెట్టుకుంది. అక్కడి నుంచి మొదలైంది ఇంటిల్లిపాదికీ ఈ ఖర్మ.

ఢిల్లీకి ఫోను చేసే పని వనజాక్షిది. త్రినాథరావుకి ప్లేట్ మిల్లులో షిఫ్టులు. పైగా ఫోన్లో అవతలి మనిషి గట్టిగా మాట్లాడితే అతనికి నోరు పెగలదు. వనజాక్షి భిలాయిలోనే పుట్టి, హిందీలో డిగ్రీ దాకా చదివిన మనిషి. మార్కెట్లో జగ్గయ్య ఎస్టీడీ బూత్ ఉంది. అద్దాల గది తలుపు సరిగ్గా పడదు. లోపల గుసగుసగా మాట్లాడినా బయట బెంచీ మీద వాళ్ళకి వినిపిస్తుంది.

ఢిల్లీలో కాగితాలు చూసే ఏజెంటు పేరు ఖన్నా. అతని జవాబు ఎప్పుడూ ఒకటే. "హో జాయేగా, బహన్‌జీ. ప్రాసెస్‌లో ఉంది."

"ఎప్పటికవుతుంది?"

"అది నా చేతిలో లేదు కదా. వచ్చే వారం చేయండి."

వచ్చే వారం చేస్తే మళ్ళీ వచ్చే వారం. వనజాక్షి బయటికి రాగానే జగ్గయ్య బిల్లు చింపుతూ, "ఇంకా ప్రాసెస్సేనా వనజమ్మా?" అనేవాడు. బెంచీ మీద కూర్చున్నవాళ్ళు తలకాయలు ఆడించేవారు. ఆమె ఇల్లు చేరేలోపే వీధి మొత్తానికి తెలిసిపోయేది.

మే చివర్లో ఒకనాడు ఖన్నా కొత్త మాట చెప్పాడు. ఆహ్వానం చెల్లదట. లీనా మొగుడి ఆఫీసువాళ్ళు దాచుకున్న పాత ఫారాల మీదే టైపు చేసి పంపారట. దాని నెత్తిమీద సోవియట్ యూనియన్ అని అచ్చు వేసి ఉంది.

"ఆ పేరుగల దేశం ఇప్పుడు లేదు బహన్‌జీ. కొత్త కాగితం తెప్పించండి."

"ఈ సంగతి హోలీ ముందే చెప్పొచ్చు కదా?"

"అప్పుడు నేను కూడా చూడలేదు" అన్నాడతను, అదేదో తన మంచితనంలాగా.

వనజాక్షి ఇంటికి వచ్చి చెబితే గున్నమ్మ నమ్మలేదు.

"దేశం లేపోడమేటి? దేశం లేపోతే లీన ఎక్కడుంది? దాని మొగుడు ఎక్కణ్ణుంచి ఒచ్చినాడు?"

"దేశం ఉంది అత్తా. పేరు మారింది."

"పేరు మారితే ఏటి? పెళ్ళయితే ఆడపిల్లకి ఇంటిపేరు మారదేటి? మనిసి మారిపోద్దా? అలగే సెప్పు ఆ ఖన్నాకి."

"నువ్వే చెప్పుకో" అంది వనజాక్షి విసురుగా. తర్వాత కూర్చుని లీనాకి ఉత్తరం రాసింది, వచ్చిన ఇంగ్లీషులో.

ఆ కొత్త కాగితం వచ్చేదాకా, వచ్చాక మళ్ళీ మాస్కో నుంచి ధ్రువీకరణ రావాలన్నారు, అదీ వచ్చేదాకా, ఇల్లంతా ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. గున్నమ్మ దేనికీ కదలదు. చీపురుపల్లిలో తమ్ముడి కూతురి పెళ్ళికి వెళ్ళనంది. "నానటు ఎల్లినాక ఇటు ఈసా ఒచ్చేత్తే?" అంది. సొంత మేనకోడలి పెళ్ళి. త్రినాథరావు ఒక్కడే వెళ్ళి, అందరి చేతా నాలుగు మాటలు పడి వచ్చాడు. ఎడమ కంట్లో పొర వచ్చింది, ఆపరేషను చేస్తామని ప్లాంటు ఆస్పత్రి డాక్టరు తేదీ ఇచ్చాడు. దానికీ వెళ్ళలేదు. కంటికి కట్టు కట్టుకుని విమానం ఎక్కనిస్తారో లేదో అని అనుమానం. పుచ్చిన పన్ను పీకించుకోదు. ఏడాదికి సరిపడా మిరపకాయలు కొట్టిద్దామంటే, "నాను ఉండను గదా, ఎందుకంత?" అంటుంది. ఉంటే మాత్రం రోజూ ఆ కారమే కావాలి.

పెట్టె మంచం కింద సర్ది ఉంది. వారానికోసారి అది మంచం మీదికి వస్తుంది. చీరలు ఒక్కొక్కటే విప్పి, మడిచి, మళ్ళీ పెడుతుంది. ప్రతిసారీ ఏదో ఒకటి ఎక్కువవుతుంది. నీనాకి ఇష్టమని కరివేపాకు పొడి. అది పాతబడిపోయిందని తీసేసి మళ్ళీ కొత్త పొడి. పాత పొడి ఇంట్లోవాళ్ళు తినాలి. జూన్ నెలంతా వాళ్ళు కరివేపాకు పొడే తిన్నారు.

"ఏమంటారు మీరు? కనీసం ఆపరేషన్‌కైనా చెప్పొచ్చు కదా మీ అమ్మకి" అని వనజాక్షి మొగుణ్ణి నిలదీస్తే, అతను నైట్ షిఫ్టు కళ్ళు నులుముకుంటూ, "ఛోడ్ నా. వీసా రాదులే. అమ్మే మర్చిపోద్ది" అన్నాడు.

"రాదని ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? మనలాంటోళ్ళకి ఎక్కడొస్తాయి వీసాలు?"

రాకూడదనే అతని కోరిక అని వనజాక్షికి అప్పుడు అర్థమైంది. ముప్పై అయిదేళ్ళు దాటినా తల్లిని వదిలి వారం రోజులు ఉండి ఎరగడు. ఆ మాట ఒప్పుకోడు. అది ఇంకో చిరాకు.

జులైలో బళ్ళు తెరిచారు. మొదటి వానలు పడి, క్వార్టర్ల వెనక మట్టి బురదయింది. ఒక సాయంత్రం పక్క వీధి ఒరియా ఆవిడ ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది. "దీదీ, ట్యూషన్ ఎప్పుడు మొదలుపెడతావు? ఏప్రిల్ నుంచి అడుగుతున్నాను."

"అత్తయ్య వెళ్ళాక, భాభీ. ముందు గది ఖాళీ అవుతుంది కదా."

"ఆమె ఎప్పుడు వెళ్తుంది?"

"వీసా రావాలి."

ఆవిడ పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోతూ, "సరే, అయితే నేను వైశాలి నగర్‌లో ఎవరినైనా చూసుకుంటాను" అంది. కోపంగా కాదు, మామూలుగానే అంది.

ట్యూషన్ చెప్పాలన్నది వనజాక్షికి పెళ్ళికి ముందు నుంచీ ఉన్న ఆశ. వీధిలో ఆరేడుగురు తల్లులకి మాట ఇచ్చింది. అందరికీ ఒకటే జవాబు, అత్త వెళ్ళాక. గుమ్మంలోంచి వెనక్కి తిరిగేసరికి గున్నమ్మ పెట్టె మంచం మీద పెట్టి, మళ్ళీ విప్పి కూర్చుని ఉంది.

"వనజా, ఈ పొడి పాతబడిపోనాదే. వాసన సూడు."

ఇన్నాళ్ళూ పళ్ళ బిగువున ఆపుకున్నదంతా ఒక్కసారి బయటపడింది. "నేను చూడను. ఇంక ఆ పొడి నేను చెయ్యను, తినను. వీసా వచ్చేదాకా ఈ ఇంట్లో ఊపిరి కూడా తీసుకోకూడదా అత్తా? పెళ్ళికి వెళ్ళవు, కన్ను చూపించుకోవు, పన్ను పీకించుకోవు. వంటిల్లు నాకిచ్చావు, గుమ్మంలోంచి లేవవు. వెళ్తే వెళ్ళు, ఉంటే ఉండు. ఈ మధ్యలో వేలాడ్డం నా వల్ల కాదు."

గున్నమ్మ పొడి డబ్బా మూత బిగించి పెట్టెలో పెట్టింది. ఎదురు అరుస్తుందనుకున్న వనజాక్షికి ఆ నింపాదికి కూడా ఒళ్ళు మండింది.

"నాను ఎలాడుతున్నాను, నిజమే" అంది గున్నమ్మ. "మరి నువ్వేటి సేత్తన్నావు? ఆ ఒరియా దానికి నాను ఎల్లినాక సెప్తానన్నావు గదా. నానేటి, నీ నోరు కట్టేసినానా? పిల్లలు నా నెత్తి మీద కూసుంటారా? ఈ మూల మంచం ఉంటాది, ఆ మూల కూసోబెట్టుకో. నన్నెందుకు ఆడిపోసుకుంటావు?"

వనజాక్షి గొడుగు తీసుకుని వానలో బయటికి నడిచింది. ఒరియా ఆవిడ ఇంటికే వెళ్ళి, రేపట్నుంచి పంపించమని చెప్పి వచ్చింది. దారి పొడుగునా తనని తానే తిట్టుకుంది.

ట్యూషన్ మొదలైంది. ఒక మూల వనజాక్షి కూతురితో కలిపి తొమ్మిది మంది పిల్లలు, ఇంకో మూల మంచం మీద గున్నమ్మ. అది అంత తేలిక కాలేదు. వనజాక్షి ఎక్కాలు చెప్పిస్తుంటే గున్నమ్మ మధ్యలో, "లీనకి నాను అంకెలు నేర్పినాను, అది నాకు ఆల అంకెలు నేర్పింది. అదీన్, ద్వా, త్రీ" అనేది. పిల్లలకి అది పాఠం కంటే బాగుండేది. ఒకడు పలక మీద రెండుకి 'ద్వా' అని రాసి చూపించాడు. వాడి తల్లి వచ్చి ఇదేం చదువని అడిగింది. వనజాక్షి అత్తగారి వైపు చూసిన చూపుకి ఇంకొకరైతే కాలి బూడిదయ్యేవారు. గున్నమ్మ గోడవైపు తిరిగి పడుకుంది, భుజాలు కదిలేలా నవ్వుకుంటూ.

ఆగస్టులో కంటి ఆపరేషన్ అయింది. ఎవరూ బలవంతం చెయ్యలేదు. ఒక పొద్దున్న తనే చీర మార్చుకుని, "పద, ఆస్పత్రికి" అంది. కట్టు కట్టిన కన్నుతో పడుకున్న రోజుల్లో వనజాక్షే అన్నం కలిపి పెట్టింది. అప్పుడే మొదటిసారి గున్నమ్మ కోడలికి నీనా సంగతులు వరసగా చెప్పింది. ఎండకి నీనా ముఖం టమాటాలాగా కందిపోవడం, ఆవకాయ తిని ఏడ్చి మళ్ళీ వేయించుకోవడం, వెళ్ళేరోజున రైలు దగ్గర ఇద్దరూ ఒకరి మాట ఒకరికి తెలియకుండానే అరగంట మాట్లాడుకోవడం. వినడానికి బాగానే ఉంది. వినడం అయ్యాక, "ఢిల్లీకి ఫోను సేసినావా?" అన్న ప్రశ్న మాత్రం తప్పేది కాదు.

సెప్టెంబరులో ఒక ఆదివారం జగ్గయ్య సైకిలు మీద రొప్పుతూ వచ్చాడు. "వనజమ్మా, రష్యా నుంచి ఫోను. మళ్ళీ పావుగంటలో సేత్తాదట."

గున్నమ్మ స్నానానికి వెళ్ళి ఉంది. వనజాక్షి ఒక్కతే పరుగెత్తింది. అవతల లీనా. ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా వస్తోంది, మధ్యలో గరగర. మొదట వనజాక్షికి ఏమీ అర్థం కాలేదు. తర్వాత ఒక్క మాట అర్థమైంది. అమ్మ పోయింది. పది రోజులైంది. న్యాన్యాకి నెమ్మదిగా చెప్పండి. ఇంక ఆమె అంత దూరం కష్టపడి రానక్కరలేదు, మేము ఏమీ అనుకోము.

న్యాన్యా అంటే పిల్లని పెంచిన ఆయా. లీనా గున్నమ్మని అలాగే పిలిచేది.

ఫోను పెట్టేశాక వనజాక్షి బెంచీ మీద కూర్చుంది. జగ్గయ్య తలుపులోంచి అంతా విన్నాడు. గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, "నువ్వు సెప్పేదాకా నాను ఎవరికీ సెప్పను, ఒట్టు" అన్నాడు.

ఆమెకి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. ఖన్నా మీదా, పాత ఫారం టైపు చేసినవాడి మీదా, దేశం పేరు మార్చినవాళ్ళ మీదా, వారం వారం వినయంగా ఫోను చేసి 'సరే' అని పెట్టేసిన తన మీదా. మార్చిలోనే ఆ కాగితం ఎవరైనా సరిగ్గా చదివి ఉంటే అత్త ఈపాటికి వెళ్ళి, చూసి, వచ్చేసి ఉండేది.

ఇంటికి వచ్చి, ఎలా చెప్పాలో తెలియక ఉన్నదున్నట్టు చెప్పేసింది. గున్నమ్మ తడి జుట్టు తుడుచుకుంటూ విని, తువ్వాలు దండెం మీద ఆరవేసి, మళ్ళీ స్నానాల గదిలోకి వెళ్ళింది. తల మీద నీళ్ళు పోసుకున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. సొంతవాళ్ళు పోతే చేసే మైల స్నానం అది. ఆ పూట తినలేదు. పొడి డబ్బా పెట్టెలోంచి తీసి బయట పెట్టింది. ఏడవలేదు.

రాత్రి భోజనాల దగ్గర త్రినాథరావు, "ఇంక ఆ పాస్‌పోర్టు వెనక్కి తెప్పించేద్దాం" అన్నాడు. గొంతులో బాధ ఉంది, దాని వెనక కాస్త ఊరట కూడా ఉంది. "ఇప్పుడు ఎవరి కోసం వెళ్తుంది? చలికాలం కూడా వచ్చేస్తంది. వనజా, రేపు ఫోను చేసి చెప్పెయ్."

వనజాక్షి కంచం అంచున చెయ్యి పెట్టి కూర్చుంది. నిజానికి ఆమెకి కూడా ఈ బెడద వదిలించుకోవాలనే ఉంది. రేపట్నుంచి ఫోన్లు ఉండవు, పెట్టె సర్దుళ్ళు ఉండవు. అయినా నోట్లోంచి వచ్చిన మాట వేరు. "వద్దనాల్సింది అత్త. మీరూ నేనూ కాదు. ఇన్నాళ్ళు ఫోన్లు చేసింది నేను. అత్త చెప్పందే ఆ ఒక్క ఫోను నేను చెయ్యను."

ఇద్దరూ గున్నమ్మ వైపు చూశారు. ఆమె మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుంది.

"లీనతో ఓపాలి మాటాడాల" అంది. "నానే మాటాడతాను."

మర్నాడు ముగ్గురూ బూత్‌కి వెళ్ళారు. ఎన్నిసార్లు తిప్పినా లైను కలవలేదు. ఒకసారి ఎంగేజి, ఒకసారి అసలు చప్పుడే లేదు, ఒకసారి ఎవరో మగమనిషి కసిరి పెట్టేశాడు. త్రినాథరావు "పోదాం పదండి" అని నాలుగుసార్లు అన్నాడు. ఐదోసారి అనబోతుంటే కలిసింది.

గున్నమ్మ రిసీవరు రెండు చేతులతో పట్టుకుంది. ఆమెకి మిగిలిన రష్యా మాటలు గుప్పెడు. పిల్లని నిద్రపుచ్చే మాటలు, తినిపించే మాటలు. అవి అయిపోతే తెలుగు. అవతల నుంచి లీనా ఏడుపు బయటికి వినిపించింది. "ఊ, ఊ" అంటూ విని, "తిన్నావా నువ్వు? తినాల తల్లీ. నాను ఒస్తన్నాను. ఆల్లు కాయితం ఇత్తారు. నాను ఒస్తన్నాను" అంది. అవతలి మనిషికి ఆ మాటల్లో ఎన్ని అర్థమయ్యాయో తెలియదు గాని, ఏడుపు మాత్రం కాస్త తగ్గింది.

బయటికి వచ్చాక త్రినాథరావు నసిగాడు. "అమ్మా, ఆవిడే పోయాక..."

"ఆవిడ పోనాది కాబట్టే రా. తల్లి బతికున్నప్పుడు దానికి నానెందుకు? సూడ్డానికి ఎల్దామనుకున్నాను. ఇప్పుడు పనుండి ఎల్తన్నాను." తర్వాత కొడుకు ముఖం చూసి గొంతు తగ్గించింది. "నీకు పెళ్ళాం ఉంది, కూతురుంది. లీనకి పిల్లలు లేరు, అప్పసెల్లెళ్ళు లేరు. ఒక్క సలికాలం. అంతేనురా."

అప్పటి నుంచి వనజాక్షి ఖన్నాకి వారానికోసారి కాదు, రోజు విడిచి రోజు ఫోను చేసింది. వినయం మానేసింది. "హో జాయేగా" అనగానే, "ఏ కాగితం ఎవరి బల్ల మీద ఉంది, అది చెప్పండి" అనేది. అతను విసుక్కునేవాడు, ఆమె అంతకంటే ఎక్కువ విసుక్కునేది. ఒకసారి ట్యూషన్ పిల్లల్ని అందర్నీ వెంటబెట్టుకుని వచ్చి, బెంచీ మీద కూర్చోబెట్టి, ఖన్నాతో పోట్లాడుతూనే వేళ్ళతో సైగ చేసి ఎక్కాలు చదివించింది. ఆమె పోరు పడలేక అతను పని చేయించాడో, లేక మాస్కో నుంచి ధ్రువీకరణ తన తీరులో తాను నడిచి వచ్చిందో ఎవరికీ తెలియదు. దసరా వెళ్ళాక, దీపావళికి ముందు, "వీసా పడింది బహన్‌జీ" అన్నాడు. మూడు నెలల వీసా.

అన్ని నెలలు కాచుకున్న మాట అది. వనజాక్షి "పక్కానా?" అని మూడుసార్లు అడిగింది. తీరా ఫోను పెట్టేశాక సంతోషం రాలేదు. జగ్గయ్య ఇచ్చిన టీ తాగి, చెప్పడానికి ఇంటికి నడిచింది.

నవంబరులో త్రినాథరావు తల్లిని దుర్గ్ స్టేషన్లో ఢిల్లీ రైలు ఎక్కించి, తనూ వెంట వెళ్ళి విమానం దాకా దించి వచ్చాడు. వచ్చిన నాలుగు రోజులు సరిగ్గా తినలేదు. వంటిల్లు నిజంగానే వనజాక్షిది అయింది. బాగానే ఉంది. పోపు మాడితే ఎవరూ చెప్పరు కాబట్టి రెండుసార్లు మాడింది కూడా.

లీనా ఉత్తరాలు వచ్చేవి. న్యాన్యా బాగుంది, మంచులో ఒకసారి పడింది, దెబ్బ తగల్లేదు. వంటింట్లో నా పనికి వంకలు పెడుతోంది. ఆ వాక్యం చదివి వనజాక్షి ఒక్కతే గట్టిగా నవ్వింది.

జనవరి చివర్లో మళ్ళీ జగ్గయ్య వచ్చి పిలిచాడు. ఈసారి ఫోన్లో గున్నమ్మే.

"ట్యూసనుకి ఎంతమందయినారే?"

"పదిహేను. నువ్వెప్పుడొస్తున్నావత్తా? ఫిబ్రవరిలో కదా. ఆయన ఢిల్లీకి సెలవు పెట్టాలి."

"అదే సెప్పుదామని. లీన ఇప్పుడిప్పుడే రాత్రులు నిద్రోతాంది. ఇంకో రెండు నెలలు ఉండమంటంది. ఇక్కడ ఆఫీసులో పొడిగింపుకి కాయితం పెట్టినారు."

"పెట్టి ఏమైంది?"

"ఏటవుతాది? సూస్తాం అంటన్నారు. ఇత్తే ఉంటాను, ఇవ్వపోతే ఒచ్చేత్తాను. టిక్కెట్టు ఇప్పుడే మార్సొద్దన్నారు. ఎప్పుడు సెప్తారో తెలీదు."

వనజాక్షి కళ్ళు మూసుకుని గాజు తలుపుకి ఆనుకుంది. "సరే అత్తా. నువ్వు మాత్రం వేడిగా తిను. పన్ను ఎలా ఉంది?"

"పీకించీసినారు. లీన ఊరుకోనిచ్చింది కాదు."

బయటికి రాగానే జగ్గయ్య, ఇంటికొచ్చి పిలిచినందుకు తీసుకునే రెండు రూపాయల బిల్లు చింపుతూ, "గున్నమ్మప్ప ఎప్పుడొస్తాదట?" అన్నాడు.

"కాగితం పెట్టారట. ప్రాసెస్‌లో ఉంది" అంది వనజాక్షి. అనేశాక, ఖన్నా మాట తన నోటికి అంత సుళువుగా వచ్చినందుకు ఒళ్ళు మండి, చిల్లర తీసుకోకుండానే మెట్లు దిగింది.